పురుగుల నాడీవ్యవస్థలో న్యూరోపెప్టైడ్ల పటం: విశాఖ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో జువాలజీ చదివే డిగ్రీ, పీజీ విద్యార్థులు, వాళ్లకు ప్రాజెక్టులు ఇచ్చే లెక్చరర్లు, అప్పుడప్పుడు పిల్లల సైన్స్ ఫెయిర్ కోసం ఫోన్ చేసే తల్లిదండ్రులు అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్ని ఒక ముక్కలో అయిపోతాయి.

అసలు న్యూరోపెప్టైడ్ అంటే ఏమిటి?

నాడీకణం తయారుచేసి బయటికి వదిలే చిన్న ప్రోటీన్ ముక్క. కణం మొదట ఒక పొడుగాటి ప్రోటీన్ తయారుచేస్తుంది. ఎంజైములు దాన్ని కొన్ని గుర్తుల దగ్గర కోస్తాయి. లైసిన్, ఆర్జినిన్ పక్కపక్కన ఉన్న చోటు అలాంటి గుర్తుల్లో ముఖ్యమైనది. ముక్క చివర గ్లైసిన్ ఉంటే దాన్ని అమైడ్‌గా మారుస్తాయి. అందుకే ఒక్క జన్యువు నుంచి నాలుగైదు వేర్వేరు పెప్టైడ్లు రావడం మామూలే. పండు ఈగలో ఇలాంటి జన్యువులు యాభై దాకా ఉన్నాయి.

ఆకలి, నిద్ర, కుబుసం విడవడం, మూత్రం పోయడం, జత కోసం వెతకడం లాంటి పనులన్నిటి వెనుకా ఏదో ఒక పెప్టైడ్ ఉంటుంది.

"మ్యాపింగ్" అంటే సరిగ్గా ఏం చేస్తారు?

ఏ పెప్టైడ్ ఏ కణంలో ఉంది, ఆ కణం తీగలు ఎక్కడిదాకా వెళ్లాయి, ఆ పెప్టైడ్‌ను అందుకునే రిసెప్టర్ ఎవరి దగ్గర ఉంది అన్నవి గుర్తిస్తారు. చాలా పేపర్లు మొదటి రెండింటితోనే ఆగిపోతాయి. మూడోది కష్టం, కానీ అది లేకపోతే పటం సగమే.

తొలి పెప్టైడ్‌ను ఎలా పట్టుకున్నారు?

బొద్దింకలతో. మన డ్రైనేజీ మూత తీస్తే బయటికొచ్చే పెద్ద ఎర్ర బొద్దింక, పెరిప్లానెటా అమెరికానాయే అది. 1975లో కెనడాలో స్టారట్, బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రోక్టోలిన్ అనే పెప్టైడ్ నిర్మాణాన్ని తేల్చారు. అందులో ఉన్నవి ఐదంటే ఐదు అమైనో ఆమ్లాలు. ఆ ఐదింటి వరుస తెలుసుకోవడానికి వాళ్లు దాదాపు 1,25,000 బొద్దింకలను రుబ్బి, 180 మైక్రోగ్రాముల పదార్థం తీయగలిగారు. ఆ ల్యాబ్ వాసన ఎలా ఉండేదో ఊహించుకోవడం మీ ఇష్టం. మరుసటి ఏడాదే మిడతల నుంచి ఎడిపోకైనెటిక్ హార్మోన్ వచ్చింది. అందులో పది అమైనో ఆమ్లాలు.

కానీ మెదడు హార్మోన్ వదులుతుందన్న ఆలోచన అంతకంటే చాలా పాతది. పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కొపెచ్ 1917 ప్రాంతంలోనే గొంగళిపురుగు మెదడు తీసేస్తే అది ప్యూపాగా మారడం లేదని చూపించాడు. అది చాలామందికి నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడైతే మాల్డి-టాఫ్ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు తూచే యంత్రం) మీద ఒక్క బొద్దింక గ్రంథి పెడితే చాలు, ఎన్నో పెప్టైడ్లు ఒకేసారి కనిపిస్తాయి. ఒక్క న్యూరాన్‌ను విడిగా తీసి చూడటం కూడా సాధ్యమే.

పండు ఈగ మెదడు మొత్తం కనెక్టోమ్ వచ్చేసింది కదా, ఇంకా ఈ పటం ఎందుకు?

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

2024 అక్టోబరులో పెద్ద ఆడ పండు ఈగ మెదడు వైరింగ్ మొత్తం ప్రచురించారు. 1,39,000కు పైగా న్యూరాన్లు, వాటి మధ్య సుమారు 5 కోట్ల సైనాప్సులు. ఎవరూ కాదనలేని గొప్ప పని. అయితే ఆ పటంలో కనిపించేది తీగ తీగను తాకిన చోటు మాత్రమే. సైనాప్స్ దగ్గర జరిగేది ఒకరి చెవిలో చెప్పే మాటైతే, పెప్టైడ్ గుడి మైకులో వేసే ప్రకటన. ఎవరికి పని ఉందో వాళ్లు వింటారు, మిగతావాళ్లకు అది పట్టదు. ఆ పెప్టైడ్‌కు రిసెప్టర్ ఉన్న కణం ఎంత దూరాన ఉన్నా స్పందిస్తుంది, లేనిది పక్కనే ఉన్నా స్పందించదు. కొన్ని పెప్టైడ్లు మెదడు దాటి రక్తంలో కలిసి పొట్ట చివరిదాకా పోతాయి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెప్టైడ్ సంచులు నల్లటి నడిమిభాగంతో చుక్కల్లా కనిపిస్తాయి. వాటిని చూసి ఈ కణంలో ఏదో పెప్టైడ్ ఉందని చెప్పగలం. ఏ పెప్టైడో చెప్పలేం.

సి. ఎలిగన్స్ అనే నులిపురుగులో ఉన్నవి 302 న్యూరాన్లే. దాని వైరింగ్ 1986లోనే వచ్చేసింది. 2023లో దాని పెప్టైడ్ పటం గీస్తే, ఆ వైర్‌లెస్ నెట్‌వర్క్ తీగల నెట్‌వర్క్ కంటే దట్టంగా ఉందని తేలింది. 302 న్యూరాన్లకే అలా ఉంటే, దాదాపు పది లక్షల న్యూరాన్లున్న తేనెటీగ మెదడు సంగతి వేరే చెప్పాలా?

మెదడు ఒక్కటే చూస్తే సరిపోతుందా?

సరిపోదు. పురుగు నాడీవ్యవస్థ పొట్ట కిందుగా వెళ్లే గొలుసు. బొద్దింకలో మెదడు, దాని కింద గొంతు దగ్గర ఒక గాంగ్లియాన్ (నాడీకణాల ముద్ద), ఛాతీలో మూడు, పొట్టలో ఆరు. మెదడు వెనకే కార్పోరా కార్డియాకా అనే చిన్న గ్రంథి జంట ఉంటుంది. పెప్టైడ్లు రక్తంలోకి దిగే ముఖ్యమైన రేవు అది. డిసెక్షన్‌లో తల లాగేటప్పుడు అందరూ తెంపేసేది కూడా దాన్నే.

నాడీవ్యవస్థ బయట కూడా వెతకాలి. కుబుసం విడిచే పనిని మొదలుపెట్టే ఈటీహెచ్ అనే పెప్టైడ్ మెదడులో తయారు కాదు. గాలిగొట్టాల మీద అంటుకుని ఉండే "ఇంకా" (Inka) అనే పేరున్న కణాల్లో తయారవుతుంది. పేగు గోడలోనూ పెప్టైడ్ కణాలు బోలెడు ఉంటాయి.

ఒకే పెప్టైడ్ అన్ని పురుగుల్లో ఒకే పని చేస్తుందా?

చెయ్యదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

అలటోస్టాటిన్ సంగతి చూడండి. 1989లో ఒక జాతి బొద్దింకలో దొరికింది. జువెనైల్ హార్మోన్ (పురుగును పిల్ల దశలోనే ఉంచే హార్మోన్) తయారీని ఆపుతుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. తర్వాత పండు ఈగలోనూ అదే కుటుంబం పెప్టైడ్ దొరికింది. ఈగలో అది జువెనైల్ హార్మోన్ జోలికే పోదు. తిండి, నిద్ర, పేగు కదలికలు దాని పనులు. రెక్కల పురుగుల్లో (రాత్రి దీపం చుట్టూ తిరిగే మాత్‌లలో) జువెనైల్ హార్మోన్‌ను ఆపేది వేరే కుటుంబం, కీచురాళ్లలో ఇంకో కుటుంబం. వీటన్నిటినీ అలటోస్టాటిన్ అనే పిలుస్తున్నారు, ఏ, బీ, సీ అని అక్షరాలు తగిలించి. పేరు చూసి పని ఊహించిన విద్యార్థి ఇక్కడే బోల్తాపడతాడు.

ఎడిపోకైనెటిక్ హార్మోన్ మిడతలో కొవ్వును కరిగించి రెక్కలకు ఇంధనం ఇస్తుంది. బొద్దింకలో దాని బంధువు ట్రెహలోజ్ అనే చక్కెరను రక్తంలోకి వదిలిస్తుంది. తయారయ్యే గ్రంథి ఒకటే, బయటికి వచ్చే సరుకు వేరు.

దీనికి పూర్తిగా ఎదురు ఎస్ఐఎఫ్ అమైడ్ అనే పెప్టైడ్. ఈగ, తేనెటీగ, బొద్దింక, మిడత, రెక్కల పురుగు, ఎందులో చూసినా మెదడు పైభాగాన మధ్యలో నాలుగే నాలుగు కణాలు. ఆ నాలుగు కణాల తీగలు మెదడంతా పరుచుకుంటాయి. కోట్ల ఏళ్లుగా ఆ లెక్క మారలేదు. పండు ఈగలో ఆ కణాలు తీసేస్తే మగ ఈగలు ఆడ, మగ తేడా లేకుండా అన్నిటితో సరసమాడతాయని 2007లో చూపించారు. ఒక అమరిక ఇంత గట్టిగా ఎందుకు నిలిచింది, ఇంకోటి ఎందుకు చెదిరింది అన్నదే ఈ రంగంలో అసలు ప్రశ్న. నాలుగు జాతులు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు. పండు ఈగ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దని నేను గోల పెట్టేది ఇందుకే.

కొన్ని పెప్టైడ్లు కొన్ని పురుగుల్లో అసలు ఉండవంటారు, నిజమేనా?

నిజమే. ఉదాహరణ మీ వంటింట్లోనే ఉంది. గోధుమ రవ్వ డబ్బా మూత నాలుగు రోజులు వదులుగా ఉంచితే చేరే ఎర్ర పిండి పురుగు, ట్రైబోలియం. దాని జన్యుపటం 2008లో వచ్చింది. అందులో కొరజోనిన్ లేదు, ల్యూకోకైనిన్ అనే మరో పెప్టైడూ లేదు. కొరజోనిన్ బొద్దింక గుండెను వేగంగా కొట్టిస్తుందని 1989లో ఆ పేరు పెట్టిన పెప్టైడ్. చాలా పురుగుల్లో ఉండే దాన్ని పెంకు పురుగుల జాతులు మొత్తంగా వదిలేసుకున్నాయి. మరోవైపు, మనుషుల్లోని ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్‌లకు బంధువైన ఇనోటోసిన్ ఈ పిండి పురుగులో ఉంది. పండు ఈగ, దోమ, పట్టుపురుగు, తేనెటీగల్లో లేదు.

మిడతల దండుకు, దీనికి సంబంధం ఉందా?

కొంతవరకు. 2020లో రాజస్థాన్ నుంచి మహారాష్ట్ర దాకా దండు వచ్చినప్పుడు ఇక్కడ కూడా టెన్షన్ పడ్డారు, ప్రతి ఆకుపచ్చ మిడత ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. ఒంటరిగా పెరిగే మిడత, గుంపులో పెరిగే మిడత రంగులో తేడాగా ఉంటాయి. గుంపు మిడత ముదురు రంగు వెనుక ఉన్నది కొరజోనిన్ అని 1999లో తేలింది. రంగులేని మిడతలకు దాన్ని ఎక్కిస్తే నల్లబడ్డాయి. అయితే గుంపుకట్టే బుద్ధిని మొదలుపెట్టేది పెప్టైడ్ కాదు, సెరటోనిన్. అది 2009లో బయటపడింది. ఈ రెండింటినీ కలిపేసి రాసిన వ్యాసాలు చాలా చూశాను.

మన దేశపు గెంతుడు చీమ హార్పెగ్నాథోస్‌లో అదే కొరజోనిన్ ఇంకో పని చేస్తుంది. కూలి చీమను వేటకు ఉసిగొల్పుతుంది, రాణిలా గుడ్లు పెట్టే వైపు పోకుండా ఆపుతుంది.

డెంగీ దోమ మీద ఇది పనికొస్తుందా?

ఈడిస్ ఈజిప్టై ఆడ దోమ కడుపునిండా రక్తం తాగాక, గుడ్లు పెట్టేదాకా కొన్ని రోజులు మనిషి వంక చూడదు. ఆ "ఇక చాలు" అనే స్థితిలో ఒక పెప్టైడ్ రిసెప్టర్‌కు ముఖ్య పాత్ర ఉందని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో లెస్లీ వోస్‌హాల్ బృందం 2019లో చూపించింది. మన న్యూరోపెప్టైడ్ వై రిసెప్టర్లకు బంధువు అది. దాన్ని ప్రేరేపించే రసాయనాలు కలిపిన ద్రవం తాగిన దోమలు, రక్తం తాగకుండానే మనిషి మీద ఆసక్తి కోల్పోయాయి.

ఇది విని "అయితే ఫాగింగ్ మానేయొచ్చా" అని అడుగుతారు. మానేయకూడదు. అది ల్యాబ్ ఫలితం. కూలర్‌లో నీళ్లు, టెర్రస్ మీద టైర్లు, కొబ్బరి చిప్పలు ఖాళీ చెయ్యడమే ఇప్పటికీ మన చేతిలో ఉన్న మందు.

రక్తం తాగిన దోమ అక్కడికక్కడే చుక్కలు చుక్కలుగా నీరు వదలడం కూడా పెప్టైడ్ల పనే. బరువు దించుకుంటే తప్ప ఎగరలేదు మరి.

రైతులకు ఏమైనా లాభం ఉందా?

లింగాకర్షక బుట్టలు చూసే ఉంటారు. కంది, శనగ, మిరప చేలల్లో శనగపచ్చ పురుగు కోసం పెడతారు. బుట్టలోని ఎర ఆడ రెక్కల పురుగు వాసన. ఆ వాసన తయారుచెయ్యమని ఆడపురుగు గ్రంథికి ఆదేశం ఇచ్చేది పీబాన్ అనే పెప్టైడ్. దాన్ని 1989లో శనగపచ్చ పురుగుకు అమెరికాలో ఉన్న దగ్గరి చుట్టం, మొక్కజొన్న కంకి పురుగులో కనుక్కున్నారు. అందులో 33 అమైనో ఆమ్లాలు.

దీన్ని తయారుచేసే కణాలు గొంతు గాంగ్లియాన్‌లో మూడు గుంపులుగా ఉంటాయి. పట్టుపురుగులో ఇదే జన్యువు నుంచి డయపాజ్ హార్మోన్ కూడా వస్తుంది. తల్లి ఒంట్లో అది ఉంటే, ఆమె పెట్టే గుడ్లు పొదగకుండా నిద్రావస్థలోకి వెళతాయి. ముందు గుంపుల కణాలు ప్రధానంగా వాసన పని చూస్తే, వెనక గుంపు గుడ్ల నిద్ర పని చూస్తుంది. జన్యువు ఒకటే అయినా కణాన్ని బట్టి పని మారింది. జన్యువు వరుస ఎంత చదివినా ఈ సంగతి తెలియదు, ఏ కణంలో ఏముందో చూడాల్సిందే.

మరి పెప్టైడ్‌నే పురుగుమందుగా చల్లొచ్చు కదా అంటారు. పురుగు పెంకు దాన్ని లోపలికి రానివ్వదు, తింటే పేగులో ఎంజైములు నమిలేస్తాయి. విరగని నకలు పెప్టైడ్లు చెయ్యడానికి దశాబ్దాలుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. పొలంలోకి వెళ్లడానికి ఇంకా దూరం ఉంది.

ప్రాజెక్టుకు ఏ పురుగు తీసుకోవాలి?

మొదటిసారైతే బొద్దింక. పెద్దది, గాంగ్లియాలు విడివిడిగా ఉంటాయి, చెయ్యి వణికినా ఏదో ఒకటి దక్కుతుంది. కొబ్బరి తోటల్లో దొరికే కొమ్ము పురుగు ఇంకా పెద్దదే గానీ, దాని ఛాతీ, పొట్ట గాంగ్లియాలు ఒకే ముద్దగా కలిసిపోయి ఉంటాయి, ఏది ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఇంటి ఈగలోనూ అంతే.

రైతుబజారు అరటిపండ్ల మీద వాలిన ఈగలన్నీ ఈ పేజీలో పండు ఈగ అంటున్న డ్రోసోఫిలా మెలనోగాస్టర్ కావు. మన దగ్గర అననాసే లాంటి ఇతర జాతులు కూడా చాలా మామూలు. జాతి తేల్చుకోకుండా పని మొదలుపెట్టొద్దు.

కంబాలకొండలో పట్టుకొద్దామనుకుంటే, అది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా చీమను కూడా తేకూడదు.

యాంటీబాడీ పెడితే మెరిసిన ప్రతి కణమూ ఆ పెప్టైడ్‌దేనా?

కాదు. పెప్టైడ్‌కు అంటుకునే యాంటీబాడీ వేసి, దాన్ని పట్టుకునే మెరిసే రెండో యాంటీబాడీ వేసి కణాలను వెతుకుతారు. ఈ రంగంలో ఎక్కువ తప్పుడు పటాలు ఇక్కడే పుట్టాయి. ఎఫ్ఎమ్ఆర్ఎఫ్ అమైడ్ అనేది 1977లో ఒక ఆల్చిప్ప జాతిలో దొరికిన నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్. దానికి తయారుచేసిన యాంటీబాడీలు చాలావరకు చివరి రెండు అక్షరాలనే గుర్తుపడతాయి. అదే తోక మయోసప్రెసిన్, సల్ఫాకైనిన్, పొట్టి ఎన్‌పీఎఫ్ అనే వేరే పెప్టైడ్లకు కూడా ఉంది. పురుగు మెదడు మీద వేస్తే అన్నీ కలిసి వెలిగిపోతాయి. చూడటానికి దీపావళే, చెప్పడానికి ఏమీ ఉండదు.

కాబట్టి కంట్రోళ్లు తప్పనిసరి. యాంటీబాడీని ముందే ఆ పెప్టైడ్‌తో కలిపి ఉంచి తర్వాత వేస్తే మెరుపు పోవాలి. మొదటి యాంటీబాడీ వెయ్యని నమూనా ఒకటి ఉండాలి. వీలైతే అదే కణంలో ఆ జన్యువు ఆర్ఎన్ఏ ఉందని ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌తో చూపించాలి, లేదా మాస్ స్పెక్‌లో ఆ బరువు కనిపించాలి. తేనెటీగ మెదడు మీద 2006లో ఇదే దారిలో వెళ్లారు. కొత్తగా వచ్చిన జన్యుపటం చూసి 200 దాకా పెప్టైడ్లు ఉండొచ్చని లెక్కగట్టి, వాటిలో దాదాపు 100 నిజంగా ఉన్నాయని మాస్ స్పెక్‌తో తేల్చుకున్నారు.

స్టెయినింగ్‌కు ఎంత టైమ్ పడుతుంది?

మెదడును మొత్తంగా స్టెయిన్ చేస్తే రోజులు. యాంటీబాడీ లోపలిదాకా ఇంకాలి కదా. తొందరపడితే పైపొర మాత్రమే మెరుస్తుంది. వానాకాలం కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే ఖరీదైన యాంటీబాడీ పాడవుతుంది, అందుకని చిన్న చిన్న భాగాలుగా పంచి, గడ్డకట్టించి పెట్టుకోండి.

డిసెక్షన్ ఏ టైమ్‌లో చేసినా ఒకటేనా?

ఒకటి కాదు. పండు ఈగ మెదడులో రాత్రీపగలూ లెక్కపెట్టే గడియారపు కణాల్లో ఉండే పీడీఎఫ్ అనే పెప్టైడ్‌నే తీసుకోండి. (దీని గురించి గూగుల్‌లో వెతికితే ముందు ఫైళ్లు వస్తాయి, ఓపిక పట్టండి.) చిన్న గడియారపు కణాల తీగ చివర్లలో అది తెల్లవారాక ఎక్కువగా, రాత్రికి తక్కువగా కనిపిస్తుంది. ఒకరు పొద్దున, ఇంకొకరు క్లాసులయ్యాక సాయంత్రం కోసి, రెండు ఫొటోలు పక్కన పెట్టి "జాతుల మధ్య తేడా" అని రాస్తే అది జాతుల తేడా కాదు. లైట్లు ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఆపారో, కోసిన టైమ్ ఎంతో నోట్‌బుక్‌లో రాయండి. పురుగు వయసు, ఆడో మగో, తిన్నదో లేదో కూడా.

పురుగుకు నొప్పి ఉండదా?

ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ముందు ఐసులో పెట్టి కదలిక పూర్తిగా ఆగాకే మొదలుపెట్టాలి, అవసరమైనన్నే వాడాలి. డిగ్రీ తరగతుల్లో జంతువుల డిసెక్షన్ మీద యూజీసీ ఆంక్షలున్నాయి, కాబట్టి డిపార్ట్‌మెంట్ అనుమతి లేకుండా హాస్టల్ గదిలో చెయ్యొద్దు.

ఇది చేస్తే ఉద్యోగం వస్తుందా?

పెప్టైడ్ పేరు చెప్పి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కాన్ఫోకల్ మైక్రోస్కోపు, మాస్ స్పెక్, సీక్వెన్స్ విశ్లేషణ వచ్చంటే ఇస్తారు. పరవాడ ఫార్మాసిటీలోనూ మాస్ స్పెక్ తెలిసినవాళ్లకు పని ఉంటుంది.

ల్యాబ్ లేదు, కంప్యూటర్ ఉంది. ఏమైనా చెయ్యొచ్చా?

బాగా చెయ్యొచ్చు. పురుగుల జన్యుపటాలు ఇప్పుడు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. డైనర్ అనే పేరుతో పురుగుల న్యూరోపెప్టైడ్లకే ప్రత్యేకంగా ఒక డేటాబేస్ ఉంది. తెలిసిన పెప్టైడ్ వరుస తీసుకుని, మీకు నచ్చిన పురుగు జన్యుపటంలో వెతకండి. మొదట్లో సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్‌ను కణం బయటికి పంపే దారి చూపే ముక్క) ఉందా, కోత గుర్తులు సరైన చోట ఉన్నాయా, చివర గ్లైసిన్ ఉందా చూడండి. దొరక్కపోతే "లేదు" అని వెంటనే రాయొద్దు. పెప్టైడ్లు మరీ పొట్టివి కాబట్టి మామూలు బ్లాస్ట్ (వరుసలను పోల్చి వెతికే ప్రోగ్రామ్) వెతుకులాటలో తరచూ జారిపోతాయి. రిసెప్టర్ జన్యువు కోసం కూడా వెతకండి, అది పొడుగైనది, సులభంగా దొరుకుతుంది. పెప్టైడూ రిసెప్టరూ రెండూ కనిపించకపోతే, అప్పుడు ఆ జాతి దాన్ని పోగొట్టుకుందని కొంత ధైర్యంగా రాయొచ్చు. పిండి పురుగులో ల్యూకోకైనిన్ లేదన్న మాట నిలబడింది కూడా అలాగే.

రిపోర్టులో "పీడీఎఫ్ కణం" అని రాయొచ్చా?

యాంటీబాడీ ఒక్కదాని మీదే ఆధారపడితే రాయకండి. "పీడీఎఫ్ యాంటీబాడీకి స్పందించిన కణం" అని రాయండి, వాడిన యాంటీబాడీ ఏ జంతువులో, ఏ పెప్టైడ్ వరుసకు తయారైందో పక్కనే పెట్టండి. వైవాలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.